ఖాళీ జాగాలో జొన్నలు

తుపాకి గురిలోకి పావురానికి బదులు ఒక ముసలమ్మ వచ్చింది.

"ఏయ్, తప్పుకో అవ్వా! తలకాయకు తగిలేదుండె!" నతానియేల్ ఎయిర్ గన్ దించి అరిచాడు.

ఆమె తప్పుకోలేదు. గట్టు మీదే నిలబడి, శాలువా చెవుల మీదికి లాక్కుంది.

"తుపాకి వద్దు బిడ్డా. పేల్చినవంటే గుంపు చెదురుతది. ఏడ దిగుతయో ఎవరికెరుక?"

"దిగాలెననే గదా కూసున్నం!" నతానియేల్ నవ్వాడు. "పో అవ్వా, చాయ్ తాగి పండుకో."

కంప చాటు నుంచి లక్ష్మణ్ లేచాడు. అతనికి నవ్వు రాలేదు. ముసలమ్మ అతని ముఖంలోకి ఓసారి చూసి, మెల్లగా రోడ్డు దాటి వెళ్లిపోయింది.

బోయిన్‌పల్లి దాటాక, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోగా మధ్యలో మిగిలిన మక్కచేను అది. హరికిషన్ సేఠ్ దగ్గర కౌలుకు తీసుకుని లక్ష్మణ్ చేస్తున్నాడు. పిల్లలు పుట్టిందీ పెరిగిందీ ఆ చేని పక్కనున్న రేకుల షెడ్డులోనే.

ఈ చలికాలం మొదట విత్తిన గింజలన్నీ పావురాలు ఏరుకు తిన్నాయి. మళ్లీ విత్తాడు. ఇప్పుడిప్పుడే సూదుల్లా మొలకలు లేస్తున్నాయి. వాటిని చూస్తే కడుపు ఎంత చల్లగా ఉంటుందో, గుండె ఎంత దడదడలాడుతుందో విత్తినవాళ్లకే తెలుస్తుంది.

"ఇది గూడ పోతే ఇగ చేనుండదు లక్ష్మణ్. ప్లాట్లు చేస్త," అని హరికిషన్ ముందే చెప్పేశాడు మరి.

అందుకే లక్ష్మణ్ పిట్టలు కొట్టే నతానియేల్‌ని పిలిపించుకున్నాడు.

"చలికాలమే అసలు షికారన్నా," అన్నాడు నతానియేల్ వచ్చిన రోజున. "కోతలైనంక చేన్లన్ని ఖాళీ. ఆకలి మీద గుంపులు గుంపులుగ కొత్త విత్తనం మీద పడతయి. నాలుగిటిని కొట్టి కట్టెలకు యాలాడదీస్తే మల్ల ఈ దిక్కు చూడయి."

కానీ ఒక్క పావురమూ దిగలేదు.

రెండోసారి విత్తినప్పటి నుంచీ, తెల్లారితే చాలు, రోడ్డవతల ఖాళీ జాగాలో ఆ ముసలమ్మ జొన్నలు చల్లుతుంది. ఊళ్లో పావురాలన్నీ అక్కడే.

"ఆడ కాలుస్తే కిటికీల అద్దాలు పలుగుతయి, పోలీసులొస్తరు," అన్నాడు నతానియేల్. "ఒక్క పొద్దు ఆమెను ఆపన్నా. గుంపు నీ చేన్లకొస్తది. ఆడికి ఖతం."

లక్ష్మణ్ భార్య విజయమ్మకు ఈ మాట నచ్చలేదు.

"రాని వాటిని పిలుసుకుంటవా?"

"ఎన్ని దినాలు భయపడుకుంట బతుకుదాం? ఆమె జొన్నలైపోతే యాడికొస్తయే అవి? మన మీదికే గదా!"

మర్నాడు తెల్లవారుతుండగా లక్ష్మణ్ రోడ్డు దాటాడు. వెనక తుపాకితో నతానియేల్.

"నా నోటికాడి కూడు గుంజుకునేటోళ్లను మేపుతున్నవా అవ్వా?"

"మొలక నాలుగాకులేసేదాంక ఓపిక పట్టు బిడ్డా. అటెనక నేనే మానుకుంట."

"నా మొలకల ముచ్చట నీకెందుకు? నీకేమైతది ఆ చేను?"

ముసలమ్మ చేను వైపు చూసింది. పెదవి కదిలింది. అంతలోనే లక్ష్మణ్ ఆమె చేతిలోంచి సంచి గుంజుకున్నాడు. జొన్నలన్నీ మురుగు మోరీలో గుమ్మరించాడు.

"రేపు ఈడ కనవడ్డవంటే మంచిగుండదు!"

ఆ మహాతల్లి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారగానే పావురాలు వచ్చాయి. ఖాళీ జాగా మీద చుట్టూ తిరిగాయి, తిరిగాయి. అక్కడ గింజ లేదు.

"వస్తున్నయన్నా," నతానియేల్ గుసగుసలాడాడు. "కదలకు."

లక్ష్మణ్ ఊపిరి బిగబట్టాడు.

ఆకాశం ఒరిగి మీద పడినట్టు గుంపంతా చేనులో దిగింది. నేల కనిపించలేదు.

నతానియేల్ పేల్చాడు. ఒకటి పడింది. గుంపు లేచి, ఒక చుట్టు తిరిగి, చేను ఆ కొసన దిగింది. అతను అటు పరుగెత్తి పేల్చాడు. ఈ కొసన దిగింది.

"కొట్టు! కొట్టు!" లక్ష్మణ్ మట్టిగడ్డలు విసురుతున్నాడు. విజయమ్మ తాంబాళం వాయిస్తూ, ఏడుస్తూ సాళ్ల వెంట ఉరుకుతోంది. ఆకలి మీదున్న ప్రాణాలు, చప్పుళ్లకు బెదురుతాయా?

ఎండెక్కేసరికి మొలకలున్న చోటల్లా గుంతలు మిగిలాయి.

"గింత గుంపు నేనెన్నడు చూడలేదన్నా," అని నతానియేల్ పడిన పావురాలను ఏరుకుని, తలెత్తకుండా వెళ్లిపోయాడు.

"నిన్నటిదాంక ఒక్కటి దిగలే గదయ్యా," అంది విజయమ్మ.

లక్ష్మణ్ ఒక గుంతలో వేలు పెట్టి గింజ కోసం వెతికాడు.

మొలకలు చూసి పోతానన్న హరికిషన్ మధ్యాహ్నం కారు దిగాడు. చేనంతా ఒకసారి కలయజూసి నిట్టూర్చాడు.

"ఇంకొక్కపారి విత్తుత సేఠ్! కాళ్లు మొక్కుత!"

"నా చేతుల లేదు లక్ష్మణ్. చేను మా అమ్మ పేరు మీదున్నది. పంట నిలవడితే అమ్మొద్దని ఇన్నొద్దులు నాతోని కొట్లాడింది ఆమెనే. నిన్న ఇంటికొచ్చి, ఇగ నీ ఇష్టం బిడ్డా అన్నది. పొద్దుగాల్నే ప్లాట్లోళ్లకు మాటిచ్చేసిన."

"అమ్మనా? ఆమెను నేనెన్నడు చూడలే సేఠ్! యాడుంటదో చెప్పుండ్రి, పోయి బతిమాలుకుంట."

హరికిషన్ వింతగా చూశాడు.

"చూడకపోవుడేంది? 'లక్ష్మణ్ మొలకలకు కావలి పోయొస్త' అని రోజు చీకట్ల లేచి, జొన్నలెత్తుకొని ఈడికే గదా వచ్చేది మా అమ్మ!"