క్రేను దిగడానికి పావుగంట

మా అమ్మాయి టిఫిను క్యారేజీ కడుగుదామని నేను మూత తీస్తే మాత్రల అట్ట సింకులో పడింది.

“ఇదేమిటమ్మా? ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది నాన్నా. నెలసరి రాకుండా వేసుకుంటున్నా. డాక్టరమ్మే రాసిచ్చింది.”

వాళ్లమ్మ పోయాక ఇలాంటి మాట మా మధ్య రావడం ఇదే మొదలు. గిన్నె తోముతూనే అడిగాను. “ఎందుకు?”

“క్రేను దిగడానికి పావుగంట, ఎక్కడానికి పావుగంట. మధ్యలో దిగకూడదని డ్యూటీ చార్టు రాసేది ఎవరట?”

రాసేది నేనే. తను క్రేను నడిపే యార్డుకి సూపర్‌వైజర్ని. సొంత కూతురికి వెసులుబాటు ఇచ్చానని ఎవరూ అనకూడదని, అందరికీ ఏకబిగిన ఆరు గంటలు వేశాను. ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

“నాతో ఒక్క మాట అనకపోయావా తల్లీ!”

“నాకు హాయిగానే ఉందిలే. రెండో క్రేను నడిపే అక్కకే ఇవి పడలేదు. ఒకటే వాంతులని మానేసింది.”

కొళాయి కట్టేశాను. చెప్పకుండా కిందికి దిగిందని పోయిన నెల ఆమెకు మెమో ఇచ్చాను. ఎందుకు దిగావని అడగనే లేదు.

చేతులు తుడుచుకుని, మెమో రద్దు చేస్తూ కాగితం రాశాను. రేపటి చార్టులో రెండు క్రేన్లవాళ్లకూ డ్యూటీ మధ్యలో గంట విరామం వేశాను.

“ఆ గంటా ఎవరు నడుపుతారు?” చార్టులోకి తొంగిచూసింది అమ్మాయి.

“నేనే. పాతికేళ్లు నడిపినవాణ్ణి.”

“ఆ మోకాళ్లతోనా?” అని నవ్వి, మాత్రల అట్ట తుడిచి సంచిలో పెట్టుకుంది. “అయితే ముందు అక్క క్రేనే ఎక్కు నాన్నా.”