తిట్టులో అన్న

"విసిగిపోయినా ఫ్లోరమ్మా. పొద్దున లేస్తే పార్టీల గోల. ఆ వాట్సాప్ గ్రూపు వదిలేస్తానని నీ మొగుడికి చెప్పి పోదామని వచ్చినా."

పెంచలయ్య మెట్టెక్కినా ఫ్లోరా గుమ్మంలోంచి తప్పుకోలేదు. "పడుకోనుండాడన్నా."

"లేపు. నిన్న ఏం పెట్టినాడో తెలుసా? 'మీ పార్టీకి సిగ్గు లేదన్నా' అంట! బళ్లో కలిసిన రోజు నుంచి ఒరే తప్ప వేరే మాట అనలా. వాడికి నేనెప్పుడు అన్ననైనా?"

ఫ్లోరా తల దించుకుంది. "మిమ్మల్ని ఒరే అనడానికి నాకు చెయ్యి రాలేదన్నా."

పెంచలయ్య లోపలికి నడిచాడు. మంచం మీద టైటస్. మూతి పక్కకి లాగేసి ఉంది. స్నేహితుణ్ని చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"పక్షవాతమన్నా. ఎవరికీ చెప్పొద్దని సైగ చేసినాడు. మీ తిట్లు చదివితేనే నవ్వేది. జవాబు పెట్టిందాకా గంజి ముట్టడు. నాకా రాజకీయాలు తెలీవు, పేపరు చూసి రాస్తుండా."

పెంచలయ్య బయటికొచ్చి, మెట్టు మీద కూలబడి ఫోను తీశాడు.

కాసేపటికి లోపల ఫ్లోరా ఆ మెసేజీ చదివే గొంతు వినిపించింది. "ఒరే టైటస్, ఈసారి మీకు డిపాజిట్లు కూడా దక్కవు."

ఆ వెంటనే ఒక వంకర నవ్వు.

"జవాబు పెట్టమ్మా," అన్నాడు పెంచలయ్య, గోడకి తల ఆనించి. "ఒరే అనే పెట్టు."