పోనిరన్ కోసం మూడోసారి

"చచ్చాడని చెప్పాను కదా!" అంది సాదినెం, రోకలి పోటు ఆపకుండా.

"పోయినసారి సుమత్రా వెళ్ళాడన్నావు," అన్నాడు సార్జెంట్ దర్మో, చెమట తుడుచుకుంటూ.

"వెళ్ళాడు. వెళ్ళి చచ్చాడు."

"అంతకు ముందు, అసలు నాకు కొడుకే లేడన్నావు!"

"చచ్చినవాడు ఉన్నట్టా, లేనట్టా? నువ్వే చెప్పు."

దర్మోకి తల బాదుకోవాలనిపించింది. గునుంగ్ కిదుల్ కొండల్లో పన్నెండు మైళ్ళ ఎక్కుడు, ఇది మూడోసారి. డచ్చివాళ్ళతో యుద్ధం మొదలైన కొత్తలో పోనిరన్ అనే సిపాయి తన దళం వదిలి వెళ్ళిపోయాడు. ఇప్పుడు కాల్పులు కాస్త ఆగేసరికి పై ఆఫీసువాళ్ళు పాత జాబితాలు తిరగేస్తున్నారు. పారిపోయినవాడు దొరికితే గోడకు నిలబెట్టి కాల్చెయ్యడమే.

ఒక్క సిపాయి కోసం కెప్టెన్ విర్యో స్వయంగా రావాలా? వద్దంటే వినలేదు. వచ్చి చేస్తున్నదేమిటి? బూట్లు విప్పి, వెదురు బల్ల మీద కూర్చుని, ముసలమ్మ పెట్టిన కర్రపెండలం అన్నం తింటున్నాడు.

"వాడేం పారిపోలేదు," అంది సాదినెం. "వాడి దళాన్ని చక్కెర గోదాముకి కాపలా పెట్టారు. నేనొచ్చింది బస్తాలు లెక్కపెట్టడానికా, యుద్ధం జరిగే చోటికి పోతానన్నాడు."

"సెలవు తీసుకోకుండా పోతే పారిపోవడమే!"

"నువ్వొచ్చినప్పుడల్లా అనుకుంటున్నాను, నిన్నెక్కడో చూశానని. వోనోసరి సంతలో మేకలమ్మే తుకిజాన్‌వి కాదూ?"

"సార్జెంట్ దర్మోసువిర్యోని!" దర్మో ముఖం ఎర్రబడింది. పదవి పెరిగితే పేరు మార్చుకోవడం ఆ నేల మీద మామూలే. మారిన పేరు పట్టుకుని పిలవకపోతే మాత్రం ఎవరికైనా మండుతుంది.

"భుజాన పట్టీలు పడగానే అమ్మ పెట్టిన పేరు చేదైపోతుంది అందరికీ," అంది సాదినెం.

కెప్టెన్‌కి పొలమారింది.

"మెల్లిగా తినలేవూ? ఎవరైనా లాక్కుంటారా?"

"ఏయ్! సార్‌ని 'నువ్వు' అంటావేం? మర్యాద భాష రాదా?"

"నా ఇంట్లో కూర్చుని నా తిండి తినేవాడికి మర్యాద భాష ఒకటా!"

దర్మో వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "చూడు, ఈయన కూడా నీ కొడుకులాగే సిపాయిగా చేరాడు. గాయపడ్డ లెఫ్టినెంట్‌ని భుజానేసుకుని, తూటాలు కురుస్తుంటే ఏరు దాటాడు. కార్పొరల్ అయ్యాడు."

రోకలి ఆగింది. "ఏట్లోకి దిగాడా?"

"దిగడమేనా? ఈత రాదు! తాడు పట్టుకుని దిగాడు!"

"బుద్ధుండక్కర్లేదూ?" అని కెప్టెన్ మీద విరుచుకుపడింది.

"మెషిన్ గన్ దగ్గరవాళ్ళంతా పడిపోతే పొద్దుగుంకేదాకా ఒక్కడే పేల్చాడు. సార్జెంట్ అయ్యాడు. తొడలో తూటాతో పాకి వంతెన తగలబెట్టాడు, లెఫ్టినెంట్ అయ్యాడు. నలభై రోజులు మంచం మీద ఉండి లేచాడు. ఇవాళ కెప్టెన్! మరి నీ కొడుకో?"

"నలభై రోజులా?" ఆమె గొంతు పెరిగింది. "నలభై రోజుల్లో కన్నతల్లికి కబురు చెయ్యాలని తోచలేదా?"

కెప్టెన్ పళ్ళెంలోకి చూస్తూ, "కబురు చేస్తే తల్లి ఏడుస్తుంది కదమ్మా," అన్నాడు.

"చెయ్యకపోతే నవ్వుతుందా?"

ఈ గొడవ తనకెందుకని దర్మో పెరట్లోకి పోయాడు. దండెం మీద మగవాళ్ళ లుంగీ ఒకటి ఉతికి ఆరేసి ఉంది. మొగుడు పోయి పదేళ్ళయిన ముసలమ్మ ఇంట్లో కొత్త లుంగీ! గాదెలోకి దూరి బస్తాలన్నీ తుపాకి గొట్టంతో పొడిచాడు. ఒళ్ళంతా పిండి పూసుకుని బయటికొచ్చాడు.

"వాడు ఇక్కడికి వస్తున్నాడు సార్! నాలుగు రోజులు మాటు వేస్తే దొరుకుతాడు. ఊరివాళ్ళని అడిగితే ఒక్కడూ నోరు విప్పడు, నన్ను చూసి నవ్వుతున్నారు!"

"చాలు దర్మో," అన్నాడు కెప్టెన్. "మరణించెను అని రాయి."

"శవం ఏది సార్?"

"మన దళంలో పోయినవాళ్ళలో ఎంతమంది శవాలు దొరికాయి? తల్లి వేలిముద్ర, ఊరిపెద్ద ముద్ర ఉంటే చాలు. రాయి."

దర్మో పళ్ళు కొరుక్కుంటూ రాశాడు. సిరా డబ్బీ తెరిచి కాగితం ముందుకు జరిపాడు. ఇందాకటి నుంచి చచ్చాడు చచ్చాడని అరిచిన మనిషి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"బతికున్న బిడ్డని చచ్చాడని వేలిముద్ర వెయ్యమంటారా?"

"విన్నారా సార్! బతికున్నాడట!"

"ఏ తల్లి అయినా అదే అంటుంది." కెప్టెన్ లేచి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "వెయ్యమ్మా. వేస్తే ఇంకెవరూ వాణ్ణి వెతుక్కుంటూ రారు."

"నువ్వూ రావా?"

"పోనిరన్ కోసమైతే రాను."

"ఇక ఆ పేరు పెట్టి నేను పిలవకూడదా? ఇంట్లో కూడానా?"

"పిలవకూడదు."

ఆమె చాలాసేపు ఆ కాగితం వైపు చూసింది. చదువు రాదు. అయినా చూసింది. తర్వాత బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మీద గట్టిగా అదిమింది.

దర్మో కాగితం లాక్కుని ఊరిపెద్ద ఇంటికి బయల్దేరాడు. మూడుసార్లు కొండెక్కింది ఈ వేలిముద్ర కోసమా? శత్రువు ముందు పులి, ముసల్దాని ముందు పిల్లి! ఈయనకి కెప్టెన్ హోదా ఎవరిచ్చారో అని సణుక్కుంటూ మలుపు తిరిగాడు.

సాదినెం కెప్టెన్ పళ్ళెంలో ఇంకో ముద్ద వేసింది.

"చచ్చినవాడివి ఎలాగూ చచ్చావు, కడుపునిండా తిను కొడకా."