ఆదివారం, నందిగామ దగ్గర

"ఆదివారం సాయంత్రం, నందిగామ దాటాక గేదె అడ్డమొచ్చింది. తప్పించబోయి డివైడర్‌కి కొట్టావు. ఏదీ, ఇంకోసారి చెప్పు" అన్నాడు రామకోటేశ్వరరావు.

కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అవినాష్ అప్పజెప్పాడు. సగంలో ఏడ్చేశాడు.

"ఇప్పుడేడ్చి ఏం లాభంరా? ట్రాక్ మీదకి పోయేముందు ఆ కాగితాలు చదవొద్దూ? రేసు ట్రాక్ మీద దెబ్బతింటే కంపెనీ వారెంటీ ఇవ్వదు, ఇన్సూరెన్సూ ఇవ్వదని తాటికాయంత అక్షరాలతో రాసుందిగా!"

"చిన్న అక్షరాలే నాన్నా."

"నోర్ముయ్!"

అరిచాడే గానీ తప్పులో తనకీ వాటా ఉంది. ఆ ఎర్ర కారు కొనిపెట్టడానికి జగ్గయ్యపేటలో తాతల నాటి ఎరువుల దుకాణాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టాడు మహానుభావుడు. ఇన్సూరెన్సు వస్తే దుకాణం నిలబడుతుంది. రాకపోతే గల్లాపెట్టెతో సహా పోతుంది. చెన్నై దగ్గర రేసు ట్రాక్ గోడకి గుద్దుకున్న ఆ కారు ఇప్పుడు దుకాణం వెనక దొడ్లో మూతి పగిలి పడి ఉంది. దాన్ని చూడటానికి బెజవాడ నుంచి సర్వేయరు వస్తున్నాడు.

"డోర్ల మీద రేసు నంబర్లు పీకావా?"

"పీకా."

"ఫోన్లో ఫొటోలు?"

"నావీ తీసేశా, ఫ్రెండ్స్ పెట్టినవీ తీయించా."

"నేనొక వెధవని. మురిసిపోయి బస్టాండు సెంటర్లో ఫ్లెక్సీ కూడా కట్టించా. నా చేత్తో నేనే ఊడదీసుకొచ్చా." భార్య వైపు తిరిగాడు. "ఏమే భారతీ, దాన్ని తగలబెట్టమన్నా, ఏం చేశావు?"

"ఎవరి కంటా పడదు లెండి" అంది భారతీదేవి.

ఇంకేదో అడగబోయాడు గానీ ఈలోగా వీధిలో బండి ఆగింది.

సర్వేయరు కృపారావు మెత్తటి మనిషి. గద్దలాంటి వాడొస్తాడని భయపడుతుంటే, ఈయన వస్తూనే అవినాష్ చెయ్యి చూసి "అయ్యో, ఎముక విరిగిందా బాబూ?" అన్నాడు. ఆ మాటకి రామకోటేశ్వరరావు తల దించుకున్నాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో ఒక్క కల్తీ విత్తనం అమ్మి ఎరగడు. ఇవాళ ఇంత మంచివాడి మొహం మీద అబద్ధమాడాలి. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

"ఎప్పుడు జరిగిందండీ?"

"ఆదివారం సాయంత్రమండి. నందిగామ దాటాక."

"పోలీసులకి చెప్పలేదా?"

"గేదె మీద కేసేం పెడతామండీ!"

కృపారావు నవ్వి కారు చుట్టూ తిరిగాడు. ఫొటోలు తీసుకున్నాడు. ఒక చక్రం దగ్గర కూర్చుని చేత్తో తడిమాడు.

"కారు కొత్తదే కదండీ? టైర్లు ఇంతలా అరిగిపోయాయేంటి?"

అవినాష్ తండ్రి వైపు చూశాడు. రామకోటేశ్వరరావు అందుకున్నాడు.

"మా రోడ్లు చూశారుగా సార్. సిమెంటు లారీలు తిరిగీ తిరిగీ..."

"చూడకేం, ఆ గుంటల్లో పడే వచ్చా. నా నడుం ఇంకా పట్టేసే ఉంది." లేచి దుమ్ము దులుపుకున్నాడు. "సరేనండి. నాకేం అనుమానం లేదు. అంతా సవ్యంగానే రాసేస్తా. మీరు ధైర్యంగా ఉండండి."

రామకోటేశ్వరరావు అక్కడే యూరియా బస్తా మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. దుకాణం నిలబడింది. కొడుకు వైపు చూసి, ప్రమాదం జరిగాక మొదటిసారి, "వెళ్లి కాస్త అన్నం తినరా" అన్నాడు.

అంతలో గాలి లేచింది. రేకుల మీద టపటపా చినుకులు మొదలయ్యాయి.

"అరెరే, ముందద్దం లేదు, సీట్లన్నీ తడిసిపోతాయి" అన్నాడు కృపారావు. "కప్పడానికేమన్నా ఉందా అమ్మా?"

"ఉంది బాబూ! రోజూ రాత్రి కప్పేదే, మీరొస్తున్నారని తీసి మడతపెట్టా" అంటూ భారతీదేవి గోడౌన్లోకి పరిగెత్తింది. తెల్లటి పట్టా మడత ఒకటి మోసుకొచ్చింది.

"కూర్చోండి సార్, మేం కప్పుకుంటాం" అని రామకోటేశ్వరరావు లేచాడు.

"బాబుకి చెయ్యి బాగోలేదుగా. ఆ కొస మీరు పట్టండి, ఈ కొస నేను పడతా."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని విదిలించారు. గాలి కిందనుంచి దూరి పట్టాని ఎత్తి తిరగేసింది. రామకోటేశ్వరరావు చేతిలోంచి కొస జారిపోయింది.

"తగలబెట్టమన్నానుగదే!" అని భార్య వైపు తిరిగాడు.

భారతీదేవి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "చావు తప్పించుకొచ్చిన బిడ్డండీ. వాడి మొహాన్ని నా చేత్తో నిప్పుల్లో ఎట్టా వెయ్యను? అందుకే బొమ్మ లోపలికి పెట్టి కప్పుతున్నా."

కృపారావు వానలో తడుస్తూ, కారు మీద పరుచుకున్న అక్షరాలని నెమ్మదిగా పైకి చదివాడు: "ఈ ఆదివారం చెన్నై రేసు ట్రాక్‌పై దూసుకెళ్లనున్న మా అవినాష్‌కు శుభాశీస్సులతో, మీ నాన్న రామకోటేశ్వరరావు."