గాలి చీలిన చోటు

వంతెనకు రంగులేస్తూ తమ్ముడు గాలికి తూలి కిందపడి చనిపోయి ఇంకా నెల తిరగలేదు. "ఆ రోజు గాలికి మనిషిని పడదోసేంత బలం లేదని కంప్యూటర్లో తేల్చి పెట్టమ్మా. ఈ లెక్కలు నీకంటే బాగా ఎవరికొచ్చు?" అన్నాడు ఆ వంతెన పని చేయిస్తున్న ఆమె ఆఫీసు పెద్దసారు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. అక్క సరేనంది. ఇల్లు గడవాలి మరి. అందరూ వెళ్లిపోయాక ఆఫీసులో ఒక్కతే కూర్చుని, గాలి వేగం తగ్గించి లెక్క నడిపించింది.

తెర మీద వంతెన, చుట్టూ వీధులు, భవనాలు, వాటి మధ్య నీలం గీతలుగా గాలి. వంతెన నడుమ ఆ గీతలు రెండుగా చీలి మళ్లీ కలుస్తున్నాయి, అడ్డంగా ఎవరో నిలబడినట్టు. అక్కడ ఆమె ఏమీ పెట్టలేదు.

వేగం ఇంకాస్త తగ్గించింది. ఈసారి ఆ చీలిక వంతెన దిగి వీధిలో ఉంది. మళ్లీ తగ్గించింది. ఇప్పుడు సరిగ్గా ఈ ఆఫీసు గుమ్మం ముందుంది.

ఫోన్ మోగింది.

"అయిపోయిందా అమ్మా?"

"ఇంకా కొంచెం గాలి మిగిలింది సార్."

"అదీ తీసెయ్. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు కదా!"

ఆమె సున్నా నొక్కింది. తెర మీద గీతలన్నీ మాయమయ్యాయి. సాయంత్రం నుంచి మెడ వెనక కొడుతున్న ఏసీ చల్లగాలి కూడా ఠక్కున ఆగిపోయింది.

వెనక గోడకున్న ఏసీ మాత్రం రొద చేస్తూ నడుస్తూనే ఉంది.