మారని పేజీ

ఆ రోజుల్లో, చదివేవాళ్ల కళ్లు చెమ్మగిల్లితే పుస్తకాలు కథను మార్చుకునేవి. పదకొండేళ్ల నిరుపమ అవార్డు పొందిన ఓ పిల్లల నవల చదువుతోంది. అందులో చంద్రుడి మీద గని కూలి, ఒక అమ్మాయి తండ్రి లోపల చిక్కుకున్నాడు. నిరుపమ కళ్లు తడిశాయి. వెంటనే పేజీ మారి, ఆయన క్షేమంగా ఇంటికొచ్చేశాడు.

నిరుపమ వంటింట్లోకి వెళ్లింది.

"అమ్మా, దీన్ని మారకుండా చెయ్యవా?"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న వసుంధర చేతులు ఆగాయి. ఆమె భర్త పోయి నాలుగు నెలలయింది.

"ఏడుస్తావే తల్లీ."

"ఏడుస్తాలే. అసలు కథలో వాళ్ల నాన్న తిరిగి రాడట. తర్వాత ఆ పిల్ల బడికి ఎలా వెళ్లిందో నాకు తెలియాలి."

వసుంధర చేతులు తుడుచుకుని, పుస్తకం ఇక మారకుండా చేసింది. ఇద్దరూ అక్కడే కింద కూర్చున్నారు. నిరుపమ పైకి చదివింది. గని కూలిన చోట ఆగి, పుస్తకం తల్లి చేతికిచ్చింది. అక్కడినుంచి తల్లి చదివింది.