పాలపిట్ట తర్వాత పాము

"అయ్యా, పాలపిట్ట! అదిగో, తుమ్మచెట్టు మీద!"

కామాక్షయ్య తల ఎత్తలేదు. టెరిలిన్ చొక్కా మీద పాకుతున్న గొంగళిపురుగును తుండుగుడ్డ కొసతో విదిలిస్తూ, "ఛీ ఛీ! ఇది మనుషులు తిరిగే దారేనా?" అని తుపుక్కున ఉమ్మేశాడు.

వాకాడు రోడ్డు మీద బస్సు దిగినప్పటినుంచీ ఇదే గోల. పెళ్ళిచూపులకని పిల్ల తరఫువాళ్ళు ఎద్దుబండి పంపారు. దారి పొడుగునా కంపచెట్లు. కొమ్మ తగిలితే చాలు, ఏదో ఒక పురుగు ఒళ్ళో పడుతోంది. జోరీగలు మూతి మీదే వాలుతున్నాయి. పెళ్ళికొడుకుగారికి యాభై దాటాయి మరి, మీసానికి పూసిన నల్లరంగు చెమటకి కరిగి నోట్లోకి దిగుతోంది. రోత పుట్టింది ఆయనకి.

అయినా పాలపిట్ట మంచి శకునం. శకునం చూడందే పెరట్లోకి కూడా పోయే మనిషి కాదు కామాక్షయ్య. ఈ శ్రావణంలో ఇంట్లోకి ఆడమనిషి రాకపోతే పొయ్యి వెలిగించే దిక్కు లేదు.

"ముంగిస కూడా కనపడినాదయ్యా. మీ పని పండినట్టే," అన్నాడు బండి తోలుతున్న ఆదెయ్య. "పిల్లను ముందే చూసినారా?"

"చూసేదేముంది? పేరమ్మంట. పద్దెనిమిదేళ్ళంట. మేనమామ మాట ఇచ్చేసినాడు."

"మా పక్క మాట ఇస్తే ఇంక తిరగదయ్యా. మీకిది తొలి పెళ్ళేనా?"

"మూడోది. మొదటిది చచ్చింది. రెండోదాన్ని నేనే గెంటేసినా. ఒట్టి మూలుగుడు మొహం! పది గేదెల పేడ ఎత్తమంటే నడుంనొప్పి అనేది. దీన్ని మాత్రం మొదటి రోజునుంచే నాలుగు తగిలించి దారిలో పెట్టుకుంటా," అని కిసుక్కున నవ్వాడు కామాక్షయ్య.

ఆదెయ్య ఎద్దుల్ని అదిలించాడు. సరుగుడు తోపు దాటేదాకా ఎద్దుల గంటలే మోగాయి.

ఉన్నట్టుండి పగ్గాలు లాగాడు. "అయ్యో, పామయ్యా! అడ్డంగా పోతా ఉంది!"

కామాక్షయ్య కాళ్ళు ముడుచుకుని తుండుగుడ్డ మొహాన కప్పేసుకున్నాడు. "నాకు చూపించబాక! పొయ్యిందా?"

"పొయ్యింది. ఓర్నాయనో, పట్టపగలు గుడ్లగూబ! మన వైపే చూస్తా ఉందయ్యా. అదిగో ఉడుము, అదీ అడ్డమే వచ్చె!"

"తిప్పు! బండి తిప్పవయ్యా!" తుండుగుడ్డ తియ్యకుండానే అరిచాడు కామాక్షయ్య.

రోడ్డెక్కేదాకా ఆయన కళ్ళు తెరవలేదు. బండి దిగి, చొక్కా నాలుగుసార్లు దులుపుకున్నాడు.

"మాటా లేదు, మంతీ లేదు. ఈ సంబంధం నాకొద్దు. నేనే వద్దన్నానని పిల్ల నాయనకి చెప్పు."

"ఇంక చెప్పేదేముందయ్యా, విన్నాను గదా," అంటూ పేరమ్మ నాయన ఎద్దుల్ని ఇంటిదారి పట్టించాడు.